బండికి వచ్చిన పిలుపు

పిల్లలూ!

ఈ నెల మీకు రెండు పిలుపుల సంగతి చెబుతాను. ఒకటి చేరవలసిన చోటికి చేరలేదు. రెండోది ఆలస్యంగానైనా చేరింది. మొదటిది నేను చేసిన తప్పు గురించి. హెడ్మాస్టర్లు కూడా తప్పులు చేస్తారా అని అడుగుతారు కాబోలు. చేస్తారు. అయితే తప్పు తెలిశాక ఏం చేశామన్నదే అసలు పరీక్ష.

ఇరవై అయిదేళ్ల కిందటి మాట. అనంతపురం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో పనిచేస్తున్నాను. ఆ యేడు వానలు మోసం చేసినవి. వేరుశనగ చేలు ఊడలు దిగకముందే ఎండిపోయినవి. సగం ఊరు బెంగుళూరికి పనులకు పోయే తొందరలో ఉన్నది. అర్ధసంవత్సర పరీక్షలయ్యాక ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులు నేనే కూర్చుని రాశాను. దీపం వెలుతురులో రిజిస్టరు చూసి ఎక్కిస్తూ ఉండగా, లెక్కల మార్కుల దగ్గర నా కన్ను ఒక గడి కిందికి జారింది. ఇంకేముంది! ఒకరి మార్కులు ఇంకొకరికి పడినవి. నేను గమనించలేదు. మర్నాడు కార్డులు పంచేశాను.

రెండు రోజుల తర్వాత తప్పు బయటపడింది. వెంటనే అటెండరును సైకిలు మీద చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పంపాను. పిల్లలందరినీ పిలిపించి, "తప్పు నాది, మీది కాదు" అని చెప్పి, కార్డులు తిరగరాసి ఇచ్చాను. తరగతిలో 42 మంది. 41 కార్డులు వెనక్కి వచ్చినవి. ఒక్క కార్డు రాలేదు. ఆ పిల్లవాడి కుటుంబం కార్డులు పంచిన రాత్రే బెంగుళూరికి వెళ్లిపోయింది. ఎక్కడ ఉంటారో ఊళ్లో ఎవరికీ తెలియదు. వాడి కార్డులో లెక్కలకు 19 అని ఉన్నది. నిజానికి వాడికి వచ్చినవి 71.

రెండేళ్లకు ఉగాది పండగకు వాడు ఊరికి వచ్చాడు. చేతులకు సిమెంటు కాయలు కాసి ఉన్నవి. "మళ్లీ బళ్లోకి రాలేదేం నాయనా?" అని అడిగాను. వాడు నవ్వి, "నాకు లెక్కలు రావు గదా సార్!" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. తప్పు ఒప్పుకుని కబురు పంపడం సగం పనే. ఆ కబురు చేరడం రెండో సగం. ఈ రెండో సగం గురించే ఇవాళ మన పాఠం.

ఇప్పుడు మోటారు బండ్ల దగ్గరికి వద్దాం. కార్లు, మోటారు సైకిళ్లు తయారుచేసే కంపెనీలు కూడా ఒక్కొక్కప్పుడు నాలాగే గడి తప్పుతాయి. బండి అమ్మేసిన కొన్నాళ్లకు, "ఫలానా భాగంలో లోపం ఉన్నది, ప్రమాదం జరగవచ్చు" అని తెలుస్తుంది. అప్పుడు కంపెనీ ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి, డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇస్తుంది. దీన్నే రీకాల్ అంటారు. రీకాల్ అంటే బండిని శాశ్వతంగా లాక్కోవడం కాదు. నేను ప్రోగ్రెస్ కార్డులు తెప్పించి దిద్ది ఇచ్చినట్టే, బండిని తెప్పించి దిద్ది ఇవ్వడం.

దూరపు ఉదాహరణ ఎందుకు? పెనుకొండ మీకు తెలుసు గదా. 1565లో రాక్షసి తంగడి యుద్ధం జరిగిన తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న ఊరు. మునుపు అనంతపురం జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఆ పెనుకొండ దగ్గర ఎర్రమంచి అనే పల్లెలో కియా కంపెనీ వారి కార్ల కర్మాగారం ఉన్నది. 2019లో సెల్టోస్ అనే కారుతో అక్కడ తయారీ మొదలయింది. నీటి చుక్క కోసం మొగం వాచిన ఈ నేలకు కృష్ణ నీళ్లు గొల్లపల్లి జలాశయం దాకా వస్తే, అందులో నుంచి ఈ కర్మాగారానికి కూడా నీరు ఇచ్చారు.

2024 ఫిబ్రవరిలో ఈ కంపెనీ 4,358 సెల్టోస్ కార్లను వెనక్కి పిలిచింది. అన్ని సెల్టోస్ కార్లనూ కాదు సుమా! పెట్రోలుతో నడిచే వాటిలో, సి.వి.టి. అనే ఒక రకం గేరుపెట్టె ఉన్నవాటిని, అందులోనూ 2023 ఫిబ్రవరి 28కీ జులై 13కీ మధ్య తయారైన వాటిని మాత్రమే పిలిచింది. చమురును నెట్టే విద్యుత్ పంపు ఒకటి ఉంటుంది. దాన్ని నడిపించే పరికరంలో లోపం ఉండవచ్చునని అనుమానం.

"అంత కచ్చితంగా తేదీలు ఎలా చెప్పగలిగారు?" అని మీకు సందేహం రావాలి. రాకపోతే తెచ్చుకోండి! మీ నాయన విత్తనాల మూట తెచ్చినప్పుడు దాని మీద లాటు నంబరు చూశారా? ఒక లాటు విత్తనం మొలవలేదంటే ఆ నంబరున్న మూటలన్నీ అనుమానించాలి. కర్మాగారంలోనూ అంతే. ఏ రోజు ఏ బండికి ఏ లాటు భాగం బిగించారో లెక్క రాసి ఉంచుతారు. చెడ్డ లాటు దొరికితే, ఆ లెక్క చూసి ఆ బండ్లను వేరు చేస్తారు.

ఇంకొక చిత్రం చెబుతాను. 2022 అక్టోబరులో ఇదే కంపెనీ 44,174 కారెన్స్ కార్లను పరీక్షకు పిలిచింది. కారణం ఏమిటనుకున్నారు? విరిగిన ఇనుము కాదు, అరిగిన రబ్బరు కాదు. ఎయిర్‌బ్యాగును నడిపించే పెట్టెలోని సాఫ్ట్‌వేరులో పొరపాటు ఉండవచ్చునని. ఎయిర్‌బ్యాగు అంటే కారు దేనికైనా గుద్దుకున్నప్పుడు మనిషి ముందు ఠక్కున ఉబ్బే గాలి సంచి. మీరు ఒకసారి రెప్ప వేసి తెరిచేలోగా అది ఉబ్బాలి. ఎప్పుడు ఉబ్బాలో నిర్ణయించేది ఆ చిన్న పెట్టె. దానిలో తప్పుంటే కారు చక్కగా నడుస్తూనే ఉంటుంది. చప్పుడు రాదు, పొగ రాదు, వాసన రాదు. కావలసిన ఆ ఒక్క క్షణంలో పని చేయకపోవచ్చు. ఎంత గొప్ప మెకానిక్కయినా ఇలాంటి తప్పును కంటితో చూసి పట్టలేడు.

అందుకే "బండి బాగానే నడుస్తున్నది గదా" అన్న మాటను రీకాల్ విషయంలో జవాబుగా ఒప్పుకోకూడదు.

మరి మన బండికి పిలుపు ఉన్నదో లేదో తెలిసేదెలా? బండికి ఒక పేరు ఉన్నది. నంబరు పలక మీద ఉన్నది కాదు, అది రవాణా శాఖ వారు పెట్టినది. నేను చెప్పేది తయారుచేసినవాళ్లు పెట్టిన పేరు. దాన్ని ఛాసిస్ నంబరు అంటారు. అక్షరాలూ అంకెలూ కలిసి మొత్తం 17 ఉంటాయి. మొదటి మూడూ ఎవరు తయారుచేశారో చెబుతాయి. మన దేశంలో చేసిన చాలా బండ్లకు మొదటి అక్షరం 'ఎం'. చివరి అంకెలు వరుస సంఖ్య. ఒకే నంబరు రెండు బండ్లకు ఉండదు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలు 26 గదా? వాటిలో మూడింటిని ఈ నంబరులో వాడరు. 'ఐ', 'ఓ', 'క్యూ'. ఎందుకో చెప్పగలరా? కొంచెం ఆలోచించి తర్వాతి వాక్యం చదవండి. 'ఐ' అక్షరాన్ని ఒకటి అనుకుంటారు, 'ఓ'నూ 'క్యూ'నూ సున్న అనుకుంటారు. కన్ను జారితే ఏమవుతుందో ఈ మాస్టారిని అడిగితే చెబుతాడు!

ఇక రెండో పిలుపు కథ. మా వీధి చివర ఒక రైతు ఉన్నాడు. రెండెకరాల టమోటా తోట. ఒక మోటారు సైకిలు ఉన్నది, బెంగుళూరులో పాతది కొన్నాడు. అతనికి ముందు ఆ బండికి ఇద్దరు యజమానులు. ఏడో తరగతి చదివే అతని కూతురు రోజూ ఆ బండి మీదనే, నాయన ముందు కూర్చుని బడికి పోతుంది. ఒక ఆదివారం ఆ పిల్ల మా ఇంటికి వస్తే ఈ 17 అక్షరాల సంగతి చెప్పాను. అది ఊరుకుంటుందా? పరుగున పోయి నాయనను వెంటబెట్టుకుని వచ్చింది.

ఆయన నవ్వాడు. "బండి బాగానే పోతాండాది గదా అయివారూ! దానికేం రోగం?" అన్నాడు.

"రోగం ఉన్నదని నేను అనలేదప్పా. చూద్దామంటున్నాను. చూడ్డానికి డబ్బు అడగరు గదా!" అన్నాను.

ఆర్.సి. కార్డు తెచ్చారు. పిల్ల నంబరు చదువుతూ ఉంటే నేను రాసుకున్నాను. మధ్యలో 'ఓ' అన్నది. "ఇందులో ఓ ఉండదని చెప్పానా లేదా?" అన్నాను. నాలుక కరుచుకుని "సున్న" అని దిద్దుకున్నది. తర్వాత బండి దగ్గరికి పోయి, హ్యాండిలు కింద మెడ భాగంలో చెక్కిన నంబరుతో కార్డును పోల్చి చూశాం. రెండూ ఒకటే. కంపెనీ వెబ్‌సైటులో ఆ నంబరు వేశాం. పిలుపు ఉన్నది! ముందు బ్రేకుకు నూనె తీసుకుపోయే రబ్బరు గొట్టం మార్చాలట. పిలుపు వచ్చి అప్పటికి పదకొండు నెలలు. ఉత్తరం పోయిందీ, ఫోను పోయిందీ బెంగుళూరులోని మొదటి యజమానికి. ఆయన బండి అమ్మేసి ఎన్నాళ్లయిందో!

రైతు నవ్వు ఆగిపోయింది. కూతురి వంక చూశాడు. ఆ పిల్ల కూర్చునేది ఆ బండి మీదనే గదా.

అనంతపురంలోని అధికార వర్క్‌షాపుకు ఫోను చేస్తే, "నడుపుకుంటూ రావద్దు, ఎక్కించుకుని తీసుకురండి" అన్నారు. మర్నాడు టమోటాలు మండీకి పోయే ఆటో ట్రాలీలో, బుట్టల పక్కన బండిని నిలబెట్టి తీసుకుపోయారు. గంటలో గొట్టం మార్చారు. పైసా అడగలేదు. మెకానిక్కు పాత గొట్టం చేతికిచ్చి చూపించాడు. బిగించిన పట్టీ విప్పితే తప్ప కనబడని చోట, ఎండిన చెరువులో నెర్రె లాగా ఒక సన్నని పగులు. ఇంకా కారడం లేదు. ఇంకెన్నాళ్లు కారకుండా ఉండేదో ఎవరు చెప్పగలరు? ఆ గొట్టం ముక్క ఇప్పుడు ఆ పిల్ల దగ్గర ఉన్నది. బళ్లో అందరికీ చూపిస్తున్నదట.

పిల్లలూ, ఈ పని మీ ఇంట్లోనూ చేయవచ్చు. అమ్మనో నాయననో పక్కన పెట్టుకునే చేయండి. బండి భాగాలు మీరు విప్పవద్దు. చదవడం, రాయడం మీ పని.

మొదట ఆర్.సి.లో ఛాసిస్ నంబరు చూసి, 17 గళ్లు గీసి, గడికొక అక్షరం చొప్పున రాయండి. రెండోసారి ఇంకొకరు చదవాలి, మీరు సరిచూడాలి. తర్వాత పెద్దవాళ్లతో కలిసి ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో రీకాల్ పేజీ తెరిచి ఆ నంబరు వేయండి. అది చేతకాకపోతే, బండితో ఇచ్చిన పుస్తకంలో అచ్చయిన నంబరుకు ఫోను చేసినా, వర్క్‌షాపులో అడిగినా చెబుతారు.

పిలుపు ఉన్నట్టు తేలితే, మొట్టమొదట అడగవలసిన ప్రశ్న, "బాగుచేసేదాకా బండి నడపవచ్చా?" అని. ఒక్కొక్క పిలుపుకు ఒక్కొక్క జాగ్రత్త ఉంటుంది. 2021 సెప్టెంబరులో మారుతి కంపెనీ 1,81,754 పెట్రోలు కార్లను పిలిచినప్పుడు, భాగం మార్చేదాకా నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడపవద్దని, విద్యుత్ భాగాల మీద నేరుగా నీళ్లు చల్లవద్దని చెప్పింది. అటువంటి సూచన చదవకుండా కారు కడిగితే ఏం లాభం?

పని అయ్యాక, ఏ భాగం మార్చారో, ఏ తేదీన మార్చారో కాగితం మీద రాయించి తీసుకుని ఆర్.సి.తో పాటు దాచండి. రీకాల్ పనికి డబ్బు అడగకూడదు. ఎవరైనా ఫోను చేసి, "మీ బండికి రీకాల్ వచ్చింది, డబ్బు పంపండి, ఓ.టి.పి. చెప్పండి" అంటే నమ్మకండి. ఫోను పెట్టేసి, పుస్తకంలోని నంబరుకు మీరే చేసి కనుక్కోండి.

పాత బండి కొన్నవాళ్లకు ఇంకొక మాట. ఆర్.సి.ని మీ పేరు మీదికి మార్పించుకోండి. దీనికి రవాణా శాఖలో 29, 30 నంబర్ల ఫారాలు ఉన్నాయి. కంపెనీ వారికి కూడా మీ కొత్త చిరునామా, ఫోను నంబరు చెప్పండి. మనది వలసల సీమ. బండి బెంగుళూరులో పుట్టి, హిందూపురంలో పెరిగి, కళ్యాణదుర్గంలో పనిచేస్తుంది. యజమాని మారినా, ఊరు మారినా, మెడ మీద నంబరు మారదు. ఆ నంబరుకు మీ చిరునామా జతచేస్తేనే పిలుపు మీ గడప తొక్కుతుంది.

ఇంతకూ కంపెనీ తనంతట తాను పిలవకపోతే? అందుకు చట్టం ఉన్నది. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు 110-ఎ అనే సెక్షను చేర్చారు. దాని కింద నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినవి. తయారై 7 సంవత్సరాలు దాటని బండిలో ప్రమాదకరమైన లోపం కనిపిస్తే, యజమాని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వారి వాహన్ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒకే లోపం గురించి నిర్ణయించిన సంఖ్యలో ఫిర్యాదులు చేరితే విచారణ జరుగుతుంది. లోపం నిజమని తేలితే బండ్లను వెనక్కి పిలవమని ప్రభుత్వమే ఆజ్ఞాపించవచ్చు. అప్పుడు కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. "నా ఒక్కడి ఫిర్యాదుతో ఏమవుతుంది?" అని అందరూ అనుకుంటే ఆ సంఖ్య ఎన్నటికీ నిండదు.

కొందరికి ఇంకొక అపోహ ఉన్నది. బండ్లను వెనక్కి పిలిచిన కంపెనీ చెడ్డదని. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మన దేశంలోనూ మరికొన్ని దేశాలలోనూ కలిపి 2,36,966 మోటారు సైకిళ్లను పిలిచింది. ఇంజనులో మంట పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ అనే భాగంలో లోపం. నూటికి పది బండ్లలో కూడా భాగం మార్చవలసి రాదని తన అంచనా చెబుతూనే, అన్నిటినీ పరీక్షిస్తామన్నది. మీ బండి ఆ పదిలో ఉన్నదో, తక్కిన తొంభైలో ఉన్నదో చూడకుండా చెప్పేదెవరు? తప్పు చేయడం నామర్దా కావచ్చు. దాన్ని దాచడం అంతకంటే పెద్ద నామర్దా.

పిలుపు వినకపోతే ఏమవుతుందో లోకానికి నేర్పిన ఉదాహరణ తకాటా. అది ఎయిర్‌బ్యాగులు చేసిన జపాను కంపెనీ. వాటిని ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేటు అనే రసాయనం వాడింది. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ ఆ మందు చెడి, కొన్నిటిలో మరీ జోరుగా పేలి, దాన్ని పెట్టిన లోహపు డబ్బా ముక్కలై మనుషుల మీదికి ఎగిరింది. కాపాడవలసిన సంచే ప్రాణాలు తీసింది. అనేక దేశాలలో కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. 2017లో కంపెనీ దివాలా తీసింది. ఇందులో మనసు కలచివేసే సంగతి ఏమిటంటే, పిలుపు వచ్చిన తర్వాత కూడా, బాగుచేయించని కార్లలో మనుషులు చనిపోయారు. కొత్త భాగం ఉచితంగా ఇస్తామన్నారు. ఉత్తరాలు పదే పదే పంపారు. అయినా కార్లు రాలేదు.

నా 42వ కార్డు కూడా రాలేదు. నేను పిలిచాను, నిజమే. కాని నా పిలుపు ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోయింది. ఆనాడు బెంగుళూరుకు బస్సెక్కి, మేస్త్రీలను అడుగుతూ తిరిగి ఉంటే దొరికి ఉండేవాడేమో. నేను పోలేదు. ఆ లెక్క ఇంకా నా ఖాతాలోనే ఉన్నది.

మీ ఇంటి బండి పేరు కోసం కూడా ఎక్కడో ఒక పిలుపు ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. లేదని తెలిస్తే హాయిగా ఉంటుంది గదా! ఈ ఆదివారం 17 గళ్లు గీయండి. మీ బండి అయ్యాక పక్కింటి అవ్వ వాళ్ల బండి, ఎదురింటి మామ ట్రాక్టరు ఉన్నాయి. చదువు రానివాళ్లకు చదివి పెట్టండి. ముఖ్యంగా పాత బండి కొన్నవాళ్లను వదిలిపెట్టకండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.